ఇనుపయేరు మీద పులి అభిప్రాయం

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సులు ఆగే చోట దానమ్మ టీ అంగడి ఉంది. దానికి ఎదురుగానే గురుప్రసాద్ బట్టలంగడి. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను తిరగని అంగట్లో కూర్చోలేక గురుప్రసాద్ రోడ్డు దాటి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆటో నడిపే అబ్రహాము అప్పటికే అక్కడ టీ తాగుతున్నాడు. బెంచీ ఆ చివర ఎవరో కొత్తమ్మాయి, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది. కొత్త మనిషి కనిపిస్తే గురుప్రసాద్ గొంతు దానంతటదే లేస్తుంది.

"యాడికీ పోల్యాదా అన్నా ఈ వారం?" అన్నాడు అబ్రహాము.

"పోకేమప్పా, నంద్యాలకు పోయొచ్చినా. పెద్ద పనేం కాదులే, ఒగ పుస్తకం మీద నాలుగు మాటలు చెప్పమన్యారు, చెప్పొచ్చినా. ఇనుపయేరు అని ఒగ నవల వచ్చిండాది. రాజులు, రాణులు, మంత్రాలు, యుద్ధాలు, ఎనిమిదొందల పేజీలు. ఏట్లో నీళ్లు ఇనుమైపోతాయి, ఆ ఇనుముతో కత్తులు చేసుకోని నాలుగు రాజ్యాలు కొట్టుకుంటాయి, వేగవతి అని ఒగ రాణి ఆ ఇనుమును మల్లా నీళ్లు చెయ్యాలని బయల్దేరుతాది. అదీ కత. ఒగే బుక్కు. రెండో భాగం, మూడో భాగం అనేదేం ల్యాదు, ఆడికి సరి."

"ఎనిమిదొందల పేజీలూ చదివినావా?" అంది దానమ్మ.

"నువ్వు పాలు కాంచే లోపల చదివినా. అది గొప్ప కాదులే, వినుకో. నంద్యాలలో పుస్తకాలు చదివేటోళ్లు ఒగ గుంపు ఉండారు. ఈ పుస్తకం మీద వాళ్లకు వాళ్లకు పడక మాటలు కూడా మానేసినారు. కారేసుకోని వచ్చిరి. అన్నా, నువ్వొచ్చి ఒగ మాట చెప్పకపోతే గుంపు చీలిపోతాదన్యారు. అంగడి ఇడ్సిపెట్టి పోతి. కల్యాణ మండపం నిండా జనం, మొగపెండ్లోళ్లు ఆడపెండ్లోళ్ల మాదిరి ఈపక్క సగం ఆపక్క సగం. ఒగ కాలేజీ సారు లేసి, మొదటి రెండొందల పేజీలు కత కదల్యాదు, తాతల పేర్లు ముత్తాతల పేర్లు చదవలేక చస్తి అనె. ఒగామె లేసి, పేర్లు తెలీకుంటే వాళ్లు చచ్చినప్పుడు ఏడుపెట్ల వస్తాది సారూ అనె. ఇంగొకాయప్ప, అంత యుద్ధం పెట్టి ఆఖర్లో రాణి కత్తి కింద పడేస్తే నేను చదివిందంతా ఏట్లో కలిసె అనె. ఒగ ముసలాయన మాత్రం, రెండో భాగం ల్యాదంట గదా, రేపట్నుంచి నేనేం చెయ్యాల అని తల పట్టుకోని కూచునె."

"నువ్వేమన్యావన్నా?" అన్నాడు అబ్రహాము.

"నేను లేసి, పుస్తకంలో తప్పేం ల్యాదప్పా, మీరు పండుకోని చదువుతాండారు, నిలబడి చదవండి అన్నా. రాణి అంత దూరం నడుస్తాంటే మీరు దిండేసుకోని పండుకుంటే ఆ నడక మీకెట్ల తెలుస్తాది? అంతే, మండపం మండపమంతా లేసి నిలబడె. కాలేజీ సారు ఆ రెండొందల పేజీలు మజ్జిగ తాగినట్ల గటగటా చదివేసి నా రెండు చేతులూ పట్టుకునె. ఆమీట ఏమైందో తెలుసునా? ఆ మాట పాణ్యం దాకా పాకె. బస్సులో సీట్లన్నీ ఖాళీ, ఒగరూ కూచోరు. అందరూ కమ్మీ పట్టుకోని ఇనుపయేరు చదువుతాండారు. కండక్టరు టికెట్లు కొట్టేది మానేసి ఒగామె భుజం మీదినుంచి చదువుతా, పేజీ రొంత నిదానంగా తిప్పమ్మా అని బతిమాలుకుంటాండాడు. డోన్ కాడ హైవే మీద లారీలు వరసగా ఆగిపోయినాయి, డ్రైవర్లందరూ కిందికి దిగి నిలబడి చదువుతాండారు. వాళ్ల అభిప్రాయం ఏందంటే, రాణి కొండ దిగేటప్పుడు బండ్లకు లోడు ఎక్కువేసింది, ఆ లోడుతో ఆ మలుపు తిరిగేది కాదు అని. ఆ మాటకు నాకూ అనుమానమొచ్చె."

"లోడు గురించి డ్రైవర్లు చెప్తే నమ్మాల్సిందే," అన్నాడు అబ్రహాము.

"అందుకే నిజం తేల్చుకుందామని పుస్తకం సంకన పెట్టుకోని నల్లమలకు పోతి. అహోబిలం దాటి లోపలికి, మనిషి పోని చోటికి. ఒగ మలుపు కాడ నిలబడి, రాణి ఈడ బండి ఎట్ల తిప్పింటాదా అని పైకి చదువుకుంటాండా. తల ఎత్తితే ఎదురుగా పులి."

"చిరుతనా?" అన్నాడు అబ్రహాము.

"చిరుతైతే నీకు చెప్పేదెందుకు? పెద్దపులి. వచ్చి నా ముందర కూచునె. చదివేది ఆపితే మూతి ముందుకు పెడతాది, చదివితే ఎనక్కి తీసుకుంటాది. సరేలే అని మొదటి పేజీ నుంచి పట్టుకున్నా. ముత్తాతల పేర్లు వచ్చేతలికి గుర్రు పెట్టి నిద్రపోయె. కాలేజీ సారుదీ పులిదీ ఒగే అభిప్రాయం."

"అప్పుడే లేసి రావల్ల గదా," అంది దానమ్మ.

"వినేటోళ్లను నడమన ఇడ్సిపెట్టి వస్తే మర్యాదనా? యుద్ధం వచ్చేతలికి లేసె. లేసినాక రెప్ప కొట్టల్యా. ఆఖర్లో రాణి కత్తి పడేస్తాది చూడు, ఆడ పులి నాలుగు కాళ్ల గోర్లూ లోపలికి తీసుకునె. ఏడ్సింది అని చెప్పను, అబద్ధం ఆడకూడదు. పులి ఏడ్వదు. ముక్కు ఒగసారి నాక్కునె, అంతే."

కొత్తమ్మాయి గ్లాసు నోటి దగ్గర ఆపి వింటోంది. అది చూసి గురుప్రసాద్ ఇంకాస్త ఆమె వైపు జరిగి కూర్చున్నాడు.

"అసలు కష్టం అప్పుడొచ్చె. పుస్తకం మూస్తే పులి ఒప్పుకోదు. ఇంగ చెప్పు అన్నట్ల చూస్తాంది. రెండో భాగం ల్యాదు నాయనా, ఇది ఒగే బుక్కు అంటే గర్జించె. ఆ గర్జనకు నంద్యాల మండపంలో అద్దాలు అదిరినాయని ఫోన్ చేసి చెప్పిరి. ఏం చేద్దును? రెండో భాగం నేనే కట్టి చెప్తి. చెప్పుకుంటా కొండ దిగుతాండా. పక్కన పులి, దాని ఎనక దాని పెండ్లాము పిల్లలు, వాటి ఎనక ఎలుగుబంట్లు, జింకలు, ఒగదాన్నొగటి తినేది కూడా మర్చిపోయి వస్తాండాయి."

"జింకలకు నచ్చిందా?" అన్నాడు అబ్రహాము.

"జింకలకు యుద్ధం ఎక్కువైంది. నేనూ రొంత తగ్గించి చెప్తి. ఆమీట అడవి అంచు కాడికి వచ్చేతలికి ఎవురు ఎదురొచ్చిరో తెలుసునా? పుస్తకంలో రాణి. వేగవతే. ఇనుప కిరీటం, మనిషి రొంత పొట్టి. గురుప్రసాదన్నా, నా కత నాకంటే నువ్వే బాగ చెప్తాండావు, రాజ్యం నువ్వే ఏలుకో అని కిరీటం తీసె. నాకు అంగడి ఉండాదమ్మా, కుదర్దు అన్నా. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటాంటే పుస్తకం రాసినామె ఫోన్. పులికి చెప్పిన రెండో భాగం నాకూ చెప్పు సామీ, రాసుకుంటా అని ఏడ్సె. నేను చెప్పల్యా. ముగిసిన కతను మల్లా లేపకూడదమ్మా, ఒగే బుక్కుగా ఉండేదాంట్లోనే దాని గొప్ప ఉండాది అని ఓదార్చి పెట్టేస్తి."

కొత్తమ్మాయి గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"మీరు గురుప్రసాద్ అన్ననా? ఎదురుగా ఉండే బట్టలంగడి మీదేనా?"

"అవునమ్మా. నా పేరు నంద్యాలలో విని వచ్చినావా?"

"నంద్యాల నుంచే వచ్చినా. నా పేరు భవాని. ఇనుపయేరు రాసింది మా అక్క."

అబ్రహాము దానమ్మ వైపు చూశాడు. దానమ్మ పొయ్యి మంట తగ్గించింది. గురుప్రసాద్ మాత్రం తడబడలేదు.

"అయితే మీ అక్కనే అడుగమ్మా, నేనెవురో చెప్తాది."

"అక్క పంపిస్తేనే వచ్చినా అన్నా." ఆమె సంచీలోంచి ఫోన్ తీసింది. "ఆన్‌లైన్‌లో పుస్తకం అమ్మేచోట చదివినోళ్లు అభిప్రాయాలు రాస్తారు. కాలేజీ సారు రాసింది, ఆ ముసలాయన రాసింది, కత్తి పడేసేది నచ్చలేదన్నది, మీరు చెప్పినవన్నీ ఆడ ఉండాయి. పేర్లు ఎక్కువైనాయంటే అక్క ఒప్పుకునింది. ఆఖరు నచ్చలేదని తిట్టినాయనకు జవాబు కూడా రాసింది. ఒక్కటి మాత్రం ఆమెను తినేస్తాంది. ఒకటే స్టారు. ఎవురు పుస్తకం కోసం చూసినా అన్నిటికంటే ముందు అదే కనపడతాంది. దాని కింద మీ పేరు, మీ అంగడి బోర్డు ఫోటో."

"ఏం రాసినాడమ్మా?" అంది దానమ్మ.

భవాని ఫోన్ చూసి మామూలు గొంతుతో చదివింది. "పెట్టె మూల నలిగి వచ్చింది. పుస్తకం ఇంకా విప్పలేదు."

అబ్రహాముకు టీ పొలమారింది. దానమ్మ అతని వీపు మీద తట్టింది గానీ చూపు మాత్రం గురుప్రసాద్ మీదినుంచి తీయలేదు.

"ఏడేండ్లు రాసింది అన్నా అక్క," అంది భవాని. "చదివి ఒకటే స్టారు ఇస్తే పడతా, ఆయన్ను ఒకసారి విప్పి చూడమను అని చెప్పి పంపించింది. అంతకు మించి ఏం అడగమన్లేదు."

గురుప్రసాద్ భుజం మీది టవలు తీసి మొహం తుడుచుకున్నాడు. టవలు మడిచి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"పెట్టె నలిగిన మాట నిజమే గదమ్మా," అన్నాడు.

"నిజమే అన్నా," అంది భవాని. "ఇంతసేపు మీరు చెప్పినదాంట్లో అదొక్కటే."