నిచ్చెన ఓడిపోయిన రింగు గురించి

సభకి పెద్దగా కూర్చున్న మా బాక్సింగ్ సంఘం అధ్యక్షులవారికి, ఆయన పక్కన అప్పుడే రెండోసారి వాచీ చూసుకుంటున్న కార్యదర్శిగారికి, ఈ చివరన చేతులు కట్టుకుని కూర్చున్న మా అక్క మొగుడు, అంటే ఒకప్పటి హెవీవెయిట్ విజేత అయిన మా బావకి, ముందు వరసల్లోని పెద్దలకి, వెనక వరసల్లోని కుర్రాళ్ళకి, అందరికీ నమస్కారం. నన్ను మర్యాదగా పంపిస్తున్నారో, ఎలాగోలా వదిలించుకుంటున్నారో నాకింకా తేలలేదు గానీ, పిలిచినందుకు సంతోషం. (నవ్వులు)

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ హాల్లో రింగు బిగించి, ఇవాళ పని విరమిస్తున్న మేస్త్రీని నేను. ఇన్నేళ్ళలో ఎవరైనా నన్ను పేరుపెట్టి పిలిచారంటే ఏ మెట్టో విరిగిందనో, ఏ తాడో జారిందనో అర్థం. అలాంటిది ఇవాళ పూలగుత్తి ఇచ్చి, మెత్తని కుర్చీ వేసి, అధ్యక్షులవారు మైకులో "నిజాయితీ అంటే మన మేస్త్రీ" అనేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఈయనకి ఏమైనా తెలిసిపోయిందా, తెలిసే నా మొహం ఎలా మారుతుందోనని చూస్తున్నారా అని అప్పట్నుంచీ ఆయన్నే గమనిస్తున్నాను. ఆయన మాత్రం హాయిగా మంచినీళ్ళు తాగుతున్నారు. అది ఇంకా అనుమానంగా ఉంది. (నవ్వులు)

నవ్వకండి, నా బతుకే అంత. తాడు బిగిసిందని పదిమంది చెప్పినా నేను లాగి చూడందే నమ్మను. ఇంట్లో గ్యాస్ కట్టేశావా అని మూడుసార్లు అడిగితే, నాలుగోసారి మా ఆవిడ నన్ను వంటింట్లోకి తోసి తలుపు వేస్తుంది. అదిగో, అవునని తల ఊపుతోంది చూడండి.

సరే, అసలు విషయానికొస్తాను. ఈ హాల్లో టీ చల్లారినా చల్లారని గొడవ ఒకటుంది. ఇప్పటి హెవీవెయిట్లు ఆరున్నర అడుగులు దాటిపోయారు కదా, వీళ్ళని మా బావ కాలంలో దింపితే ఏమవుతారు? బావ సంగతి మీకు తెలిసిందే. "చిన్న రింగు, పల్చటి గ్లవ్స్, పదిహేను రౌండ్లు, ఈ పొడుగాళ్ళు సగం దాకా కూడా నిలబడరురా" అంటాడు. కుర్రాళ్ళేమో, "ఆ చేతుల పొడవు దాటి మీవాళ్ళు దగ్గరికెలా వస్తారు బాబాయ్, వచ్చినా వీళ్ళు మీదపడి బరువంతా మోపితే మీవాళ్ళకి ఊపిరాడుతుందా" అంటారు. నాకు రెండువైపులా అనుమానమే. బావ కాలంలోనూ ఊపిరాడక నోరు తెరిచినవాళ్ళని చూశాను. ఈ కాలంలోనూ మూడో రౌండుకే గడియారం వంక చూసేవాళ్ళని చూశాను.

ఈ గొడవని తేల్చేస్తానని మూడు నెలల కిందట ముందుకొచ్చినవాడు, పొడుగు చూసి మనమంతా నిచ్చెన అని పిలిచే కుర్రాడు. ఆరడుగుల ఏడంగుళాలు, నూట పద్దెనిమిది కిలోలు. వెనకవాళ్ళకి కనపడదని ఎప్పుడూ ఆఖరి వరసలోనే కూర్చుంటాడు, ఇవాళా అక్కడే ఉన్నాడు. పాతకాలం పద్ధతిలోనే అన్నీ పెట్టండి, దిగుతానన్నాడు. ఎదురుగా మా బావ శిష్యుడు బొంగరం, ఎనభై నాలుగు కిలోలు. పదహారడుగుల రింగు, కాన్వాసు కింద అప్పట్లోలాగే రెండు పొరల మెత్త అని అందరూ ఒప్పుకున్నారు. తొమ్మిదో రౌండు గంట కొట్టాక నిచ్చెన స్టూలు మీంచి లేవలేదు. ముందు వరసల పెద్దలందరూ లేచి చప్పట్లు కొట్టారు, గుర్తుందా? మా కాలం, మా కాలం అని మీరు మెట్లు దిగుతూ కూడా అంటూనే ఉన్నారు.

అవి రెండు పొరలు కావండీ. నాలుగు.



నన్నెవరూ అడగలేదు. బావకి తెలీదు. ముందురోజు పొద్దున ఒక్కణ్ణే వేశాను. ఎనభై నాలుగు కిలోలవాడికి అది పరుపు, నూట పద్దెనిమిది కిలోలవాడికి బురద. అడుగు తీసి అడుగు వేయడానికే వాడి కాళ్ళు చచ్చిపోయాయి. ఎందుకు చేశావంటే, మా బావ గెలిచిన ప్రతి రాత్రీ ఆ తాళ్ళు కట్టింది నేను. నిచ్చెన గెలిస్తే ఆ రాత్రులన్నీ ఉత్తవైపోతాయని భయపడ్డాను. అందరి తాళ్ళూ లాగి చూసినవాణ్ణి, నా చేతుల్ని ఒక్కసారి కూడా అనుమానించుకోలేదు. సిగ్గుగా ఉంది.

ఆ రోజు తర్వాత వాడు వాడు కాడు. వచ్చే నెల పెద్ద పోటీ నుంచి తప్పుకుంటున్నానని అధ్యక్షులవారికి ఉత్తరం ఇచ్చాడట, రేపు ఆయన దాన్ని పోటీ నిర్వాహకులకి పంపిస్తారట. పాతకాలం ముందు తను ఉత్త పొడుగేనని మా అబ్బాయితో అన్నాడట. అయ్యా, ఆ ఉత్తరం పంపకండి. దాన్ని రాయించింది నేను.

ఏంటి బావా? మైకు దగ్గరికి రా. సరే, కూర్చునే చెప్పు, నేను చెప్తాను అందరికీ.

(బావ కూర్చున్నచోటి నుంచే చెబుతాడు)

"గెలిచినవాడి చెయ్యెత్తడానికి రింగెక్కాను కదరా, మొదటి అడుగులోనే తెలిసింది, నోరు మూసుకున్నాను" అంటున్నాడు. మూడు నెలలు, బావా! వారం వారం మా ఇంటికొచ్చి టీ తాగావే, నేను నీ మొహం చూడలేక కప్పులోకి చూసుకుంటుంటే, నువ్వూ కప్పులోకే చూశావా?

అయితే ఎవరు గెలుస్తారు అంటారా? నాకు తెలీదు. ఆ కాలాన్ని తీసుకొచ్చి నిలబెట్టడం మా ఇద్దరి వల్లా కాలేదు, దాని బదులు ఒక మంచి కుర్రాణ్ణి పడగొట్టాం. నిచ్చెనా, నన్ను క్షమించమని అడిగే మొహం లేదు. ఈ మధ్యాహ్నం పక్క హాల్లో నా ఆఖరి రింగు బిగించాను. రెండు పొరలే. బొంగరం రేపు మళ్ళీ దిగుతానన్నాడు. ఓడినా ఫరవాలేదు, ఉన్న నేల మీద ఓడు. కానీ నా మాట నమ్మి మాత్రం ఎక్కకు.

ఎక్కడికి లేచావు? ఇంటికా? కాదు... అది పక్క హాలు తలుపు... కాన్వాసు ఎత్తి చూడ్డానికేనా?

పెద్దలు దారివ్వండి, వెళ్ళనివ్వండి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి లేచిన మొదటి మనిషి వాడు. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరికీ కృతజ్ఞతలు, వాడికి ఇంకాస్త ఎక్కువ.

సెలవు.