బోర్డు మీది మీసం

నాచారంలో ఇంకా తెరవని బిర్యానీ హోటల్ ముందు, పగిలిన బోర్డు ముక్కల మధ్య కొత్త దంపతులు కూర్చున్నారు. అతని పెదవికి దవాఖానాలో వేసిన కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

“బోర్డు మీద నీ మీసమే గీసిన బావా. ఎదురు హోటలాయన తనదనుకున్నడా?”

“తన మీసం దొంగిలించినమని బోర్డును రాడ్డుతో పలగ్గొట్టిండు. నేను అడ్డం పోతే మూతి మీదనే కొట్టిండు.”

“కిందపడ్డంక గూడ తన్నిండు. నెత్తురు సూసి నా పానం పోయింది.”

“కుట్లేసేతందుకు మీసం గొరిగిన్రు. ఇగ ఆ బొమ్మ నాదంటే ఎవడు నమ్ముతడు? అదే పెడితే మళ్ల వస్తనన్నడు. రేపే ఓపెనింగ్, వేరేది గియ్యి.”

“నీ మొఖమే గీస్త. మీసం లేకుండ, కుట్లతోని. ఇది గూడ తనదే అనుమను, సూద్దాం!”

“నవ్వియ్యకే, కుట్లు తెగుతయి!”