చిన్నదాని కోటు

ఏదీ, ఇటివ్వు. వెలుతురుకి అడ్డం నిలబడకు తల్లీ, ఆ స్టూలు లాక్కుని పక్కకి కూర్చో. ఊఁ, ఇదెవరు కుట్టారు? రెడీమేడా? అనుకున్నాను. చంక దగ్గర చూడు, ఎలా నోరు తెరిచిందో. మనిషన్నవాడు చెయ్యి పైకెత్తుతాడని వీళ్లకి తెలీదు కాబోలు. జూడో కోటంటే లాగడానికే కదా వేసుకునేది. సరే, చంకొకటి, కాలరొకటి, రెండూ విప్పి కుడతాను. ఏమన్నావ్? పోటీకి వెళ్లేముందు నా చేత్తోనే కుట్టించుకోవాలా? ఓహో. మీ నాన్న చెప్పాడన్నమాట, తాత కుట్టిన కోటేసుకునే తన మేనత్త గెలిచిందని. వాడికేం తెలుసు, అప్పటికి వాడు పుట్టనేలేదు. నేను చెప్పిందే వాడు నీకు చెప్పాడు. ఆ కత్తెర ఇలా అందుకో. పెద్దది కాదు, చిన్నది.

చిన్నది అంటే గుర్తొచ్చింది, మా చెల్లెల్నీ అలాగే పిలిచేవాళ్లం. ఇంట్లో ఆఖరిది కదా. పదహారేళ్లకే నాకంటే నాలుగు వేళ్లు పొడుగైంది, అయినా చిన్నదే. అసలు పేరు బడి రిజిస్టర్లో ఉండేది, అంతే. ముందుగదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో మేము. మా నాన్న కటింగు, నేను మిషను, అది గుండీల కాజాలు. రోజుకి నలభై కాజాలు కుట్టేది, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తేడా ఉండేది కాదు. నా కాజాలు వంకర. ఇప్పటికీ వంకరే, ఎవరికీ చెప్పకు. బొగ్గుల ఇస్త్రీపెట్టె కూడా దానిదే. నువ్వైతే రెండు చేతుల్తో కూడా ఎత్తలేవు, అది ఒంటిచేత్తో పొద్దుటినించీ సాయంత్రందాకా తిప్పేది. మణికట్టు చూస్తే వడ్రంగి చెయ్యిలా ఉండేది.

నాన్న ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేవాడు. అందుకని అరవలేడు. పళ్ల మధ్యనించి సన్నగా వచ్చేది మాట, అదే ఎక్కువ భయం మాకు. ఆయనకో పద్ధతుండేది. కుట్టిన బట్ట గిరాకీకి ఇచ్చేముందు, కుట్టినవాడే రెండుచేతుల్తో పట్టుకుని వాళ్లెదురుగా లాగి చూపించాలి. ‘మ్, లాగు. మొహమాటపడకు. నీ చేతిలో చిరిగితే మన ఇంట్లో చిరిగినట్టు, వాళ్ల ఒంటిమీద చిరిగితే బజార్లో చిరిగినట్టు.’ పెళ్లికొడుకు కోటైనా సరే, దిండు గలీబైనా సరే. లాగకుండా ఏదీ గుమ్మం దాటేది కాదు. ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ అడుగుతాను.

అసలు దానికి జూడో ఎలా అంటుకుందంటే, అందుకూ ఆ లాగుడే కారణం. కలప అడితి పైన పెద్ద గది ఉండేది, అక్కడో డ్రిల్లు మాస్టారు కుర్రాళ్లకి నేర్పేవాడు. సైన్యంలో చేసొచ్చాడు, ఒక చెవి వినపడదు. కింద పరిచే పరుపులకి మందపాటి కాన్వాసు తొడుగులు కావాలని మాకిచ్చాడు. నాకా రోజు జ్వరం. అదే మోసుకెళ్లింది. పద్ధతి ప్రకారం ఆయనెదురుగా తొడుగు పట్టుకుని లాగింది. అటు చివర ఆయన పట్టుకున్నాడు పాపం, ఏదో ఆడపిల్ల కదా అని వదులుగా నిలబడ్డాడు. రెండడుగులు ముందుకొచ్చి పడబోయాడట. ‘ఏదీ, ఇంకోసారి’ అన్నాడు. ఇంకోసారీ అంతే. ‘రేపు సాయంత్రం వస్తావా’ అన్నాడు. వినపడదు కదా, ఆయన మామూలుగా అడిగినా అడితి మొత్తానికి వినపడేది.

ఆర్నెల్లు వెళ్లింది తల్లీ. కాజాలు గబగబా ముగించి, గుండీలు కొనుక్కొస్తానని చెప్పి. మా ఇంట్లో అన్ని గుండీలు ఎందుకున్నాయో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. నాకు తెలుసు, నేను నోరు మూసుకున్నాను. చివరికి బ్యాంకు గుమాస్తా బయటపెట్టాడు. నాన్న ఆయన నడుము కొలుస్తుంటే, మాటవరసకి అన్నట్టు, ‘మీ అమ్మాయి గట్టిదండీ, నిన్న మా తమ్ముణ్ణి మూడుసార్లు కింద పడేసింది’ అన్నాడు. నాన్న నోట్లో సూదులు. ఒకటి మింగాడేమోనని నేను హడలిపోయాను. ఏం లేదు, కొలత పూర్తిచేశాడు, సుద్దముక్కతో రాసుకున్నాడు, గుమాస్తాని గుమ్మందాకా సాగనంపాడు. అప్పుడు సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. అదే మొదటిసారి ఆయన ఖాళీ నోటితో మాట్లాడ్డం. ‘మగపిల్లల కాలరు పట్టుకుంటావా నువ్వు?’

అది ఇస్త్రీ ఆపలేదు. ‘కొలతలప్పుడు మీరూ పట్టుకుంటారుగా నాన్నా’ అంది. నేను మిషను తొక్కడం ఆపేశాను. ఆయన చెయ్యెత్తాడు, ఎత్తి, ఏమనుకున్నాడో దించేశాడు. వారం రోజులు గొడవ. దాని సమాధానం ఒకటే, రాత్రీపగలూ ఒకటే. ‘వచ్చేనెల ఆడపిల్లల పోటీలున్నాయి. గెలిస్తే ఆడపిల్లల బడిలో నేర్పే పని ఇస్తామన్నారు. ఓడితే ఇంక ఆ మెట్లెక్కను, మీరు చెప్పిన చోట కూర్చుంటాను, చెప్పినవాణ్ణి చేసుకుంటాను.’ అన్నమాట తప్పే మనిషి కాదది. నాన్న సరేనన్నాడు. అంత తేలిగ్గా ఎందుకన్నాడా అనుకున్నాను.

కోటు నేనే కుట్టాలి. నాలుగు పొరల మందం, కాలరు లోపల పట్టీ. రెండోరోజు నాన్న నా మిషను పక్కకొచ్చి, కిటికీలో ఎండకి పడున్న దారపుకండె తీసి నా ముందు పెట్టాడు. చివికిన దారం. చూడ్డానికి తెల్లగా ఉంటుంది, పట్టుకుంటే పుటుక్కుమంటుంది. ‘కాలరుకి ఇది చాలు. ఒక్క వరస’ అన్నాడు. అంతే, మళ్లీ సూదులు నోట్లో. అప్పట్లో అక్కడ నియమం ఏంటంటే, కోటు చిరిగితే వెంటనే మార్చుకోవాలి, మార్చుకోడానికి ఇంకోటి లేకపోతే ఓడినట్టే. దానికున్నది అదొక్కటే.

కుట్టానా అంటే... కుట్టాను. అలా చూడకు. నాకిరవై మూడేళ్లు, మీ నానమ్మతో సంబంధం మాట్లాడుతున్నారు. వాళ్ల నాన్న అప్పటికే ఎవరిచేతో అడిగించాడు, ‘చెల్లెలు కుర్రాళ్లతో కలబడుతుందటగా’ అని. నాన్నంటే భయం అని చెప్పుకోవచ్చు నేను, అది సగమే. నా పెళ్లి చెడుతుందని కుట్టాను. ఇస్త్రీ చేసి మడతపెట్టి దాని చేతిలో పెట్టాను. లాగలేదు. అది చేతులు చాచి నిలబడింది, ఇంకా ఏదో ఉందన్నట్టు. ‘నాకు పనుంది’ అన్నాను. నా మొహం వంక ఒక నిమిషం చూసి వెళ్లిపోయింది.

పోటీ రోజు జేబులో సూది, మంచి దారం పెట్టుకుని వెళ్లాను. ఎందుకంటే చెప్పలేను. చిరిగితే పరిగెత్తికెళ్లి కుడదామనా, మనసు ఉండబట్టకా. నాన్న నా పక్కనే, చేతులు కట్టుకుని. ఆఖరి పోటీకి లారీ డ్రైవరుగారమ్మాయి వచ్చింది. మంచి దిట్టమైన పిల్ల, కొలతలు తీస్తే టేపు సరిపోదు. రావడంతోనే మనదాని ఎడమ కాలరు గుప్పిట్లో పట్టుకుంది. సరిగ్గా అక్కడే, నా వరస ఉన్నచోట. పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నేను కళ్లు మూసుకున్నాను. బట్ట చిరిగే చప్పుడు నాకు నిద్రలో వినపడ్డా లేచి కూర్చుంటాను, అలాంటివాణ్ణి. చప్పుడు రాలేదు. మళ్లీ గుంజింది. కాలరు అలాగే ఉంది. మూడోసారి గుంజేసరికి మనది ఆ గుంజుడుతోపాటే లోపలికి దూరి, నడుము తిప్పి, ఆ పిల్లని భుజం మీదుగా తీసుకొచ్చి పరుపుమీద వెల్లకిలా పడేసింది. మేం కుట్టిన తొడుగు మీదే. డ్రిల్లు మాస్టారు అరిచిన అరుపు ఆయనక్కూడా వినపడి ఉంటుంది.

తర్వాత వంగి అందరికీ నమస్కారం పెట్టి, తిన్నగా మా దగ్గరికొచ్చింది. చెమటతో కోటు ఒంటికతుక్కుపోయి ఉంది. నాన్న ఎదురుగా నాతో అంది, ‘నీ కుట్టు నిలబడింది అన్నయ్యా’ అని. నాన్న నావైపు తిరిగాడు. నేనాయన మాట కాదన్నాననుకున్నాడు. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు, తొమ్మిదోరోజు నించి నన్ను చూసే చూపే మారింది, కొంచెం గౌరవంగా. వీధంతా అదే మాట, చెల్లెలి కోసం తండ్రినెదిరించాడని. మీ నానమ్మ వాళ్ల నాన్న కూడా అది విని, దమ్మున్న కుర్రాడని పిల్లనిచ్చాడు. చివికిన దారం అంత ఆగిందేంటా అని నాకే ఆశ్చర్యం. అదృష్టమనుకున్నాను. అనుకుని, వచ్చిన పేరు పుచ్చుకుని ఊరుకున్నాను.

అది ముప్ఫైయేళ్లు నేర్పింది ఆ బడిలో. దానికి నచ్చినవాణ్ణే, డ్రాయింగు మాస్టార్ని, చేసుకుంది. ఎన్ని వందలమంది పిల్లలో, ఇప్పటికీ నడిబజార్లో ఎవరో ఒకావిడ ఆపి, మీరు ఆవిడ అన్నయ్యగారు కదా అంటుంది. రిటైరైన రోజు స్టేజీ మీద నన్ను లేపి నిలబెట్టి, నేను గెలిచింది మా అన్నయ్య కుట్టిన కోటుతో అంది. చప్పట్లు. నేను దణ్ణం పెట్టాను. మరి ఆ కోటు మాత్రం ఒక్కసారి కూడా బాగుచెయ్యమని నాకివ్వలేదు. ‘నీకెందుకు శ్రమ అన్నయ్యా’ అనేది.

అది పోయి పదకొండేళ్లు. దాని పెట్టె నాకిచ్చారు. కోటు పసుపురంగుకొచ్చేసింది. కాలరు విప్పి చూశాను. నా వరస ఉంది, వేలితో ముట్టుకుంటే పొడైపోయింది. దాని కింద, మైనం పట్టించిన దారంతో, ఈ చివరనించి ఆ చివరదాకా కాజా కుట్టు. ఒకదాని పక్కన ఒకటి, వందల కుట్లు, వెంట్రుకంత తేడా లేకుండా. అంత సమంగా ఆ కుట్టు మా ఇంట్లో చిన్నదానికే వచ్చు. నేను లాగకుండా ఇచ్చిన రోజే అదే లాగి చూసుకుని ఉంటుంది. అన్నీ తెలిసే చెప్పింది, నీ కుట్టు నిలబడింది అన్నయ్యా అని. బతికున్నంతకాలం అదే చెప్పింది, నలుగురిలో. నాకు సిగ్గేసింది తల్లీ. ఇప్పటికీ వేస్తుంది.

మీ నాన్నకి ఇది తెలీదు. నీకెందుకు చెప్పానంటే... ఊఁ. ఇదిగో, అయింది. నాలుగు వరసలు, దారం కొత్తది. స్టూలు జరిపి లేచి నిలబడు. ఆ చివర నువ్వు పట్టుకో, ఈ చివర నేను. కాదు, గుప్పిటతో పట్టుకో. ఆఁ, ఇప్పుడు లాగు. ముసలాడు పడిపోతాడని చూడకు. గట్టిగా లాగు.