ప్రెసిడెంటు తవ్వించిన బాయి

పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయిన పుల్లారెడ్డి అరుగుమీద ఒంటరిగా కూర్చున్నాడు. హనుమక్క ఒగరుస్తూ వచ్చింది.

"ప్రెసిడెంటన్నా, నా మేకపిల్ల బాయిలో పడింది. బిన్నా రా."

"నేను ప్రెసిడెంటు కాదుగదమ్మా. గెలిచిన కొత్తాయప్పను పిలుచుకోపో."

"ఆ బాయి తవ్వించినోణ్ణే పిలవమన్నాడు ఆయప్ప."

పుల్లారెడ్డి నవ్వుకుంటూ మోకు తీసుకుని ఆమె వెంట నడిచాడు.

"బతికే ఉండాదా?"

"అరస్తాంది. నీళ్లుంటే ఈపాటికి సచ్చిండేది."

"ఆ నీళ్లు పడలేదనే గదా నన్ను ఓడగొట్టినారు."

"అవునన్నా. నేనూ నీకు ఓటెయ్యలే."

ఆయన మోకును గట్టుమీది చెట్టుకు కట్టి, దాన్ని పట్టుకుని బావిలోకి దిగాడు. కాసేపటికి మేకపిల్లను భుజాన వేసుకుని, ఒళ్లంతా దుమ్ముతో పైకొచ్చాడు.

"పట్టుకో హనుమక్కా. నేను తవ్వించిన బాయిలోనుంచి ఏదన్నా పైకి రావడం ఇదే మొదలు."