ఖాళీ బిందె

ఊరి నుంచి ఎల్బీ నగర్‌లో బస్సు దిగి వచ్చి, కింది పోర్షన్‌లో కిరాయికుంటున్న అమ్మాయి తాళం తీస్తోంది. పైనుంచి ఓనరమ్మ ఖాళీ బిందెతో దిగింది.

“నువ్వు పోయినకాడి నుంచి మోటర్ నడుస్తలేదు. పైన చుక్క నీళ్లు లేవు.”

“అయ్యో! నేనేం ముట్టలేదక్కా. మా మెయిన్ స్విచ్ ఒక్కటే బంద్ చేసి పోయిన.”

“మెయినెందుకు బంద్ చేసినవ్?”

“కరెంటు బిల్లు ఎక్కువొస్తుందంటే మీరే చెప్పిన్రు గద, ఊరికి పోతే బంద్ చెయ్యమని. పొద్దంత ఫ్యాన్ గూడ ఏస్తలేను. అయినా తగ్గుతలేదు.”

ఓనరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు కట్టినప్పుడు మోటర్ వైరు కింది మీటర్‌కు కలిపించింది తనే. మరిచే పోయింది.

అమ్మాయి ఒకసారి మీటర్ల వైపు చూసింది.

“ఇప్పుడు ఆన్ చెయ్యాల్నా అక్కా?”

ఓనరమ్మ బిందెను కొంగుచాటుకు లాక్కుంది.