వేలాడుతున్న కేబుల్ కొస

అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, భోజనాలు చల్లారిపోతాయేమోనని గడియారం చూసుకుంటున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన నెట్‌వర్క్ టెక్నీషియన్‌గారిని ఇన్నేళ్లూ అందరం బాబాయ్ అనే పిలిచాం. ఇంటర్నెట్ నత్తనడక నడిచినప్పుడల్లా ఆయన వచ్చి, మన కంప్యూటర్ వైపు చూడకుండా ముందు కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె మీది లైట్లు చూసేవారు, కేబుల్ మార్చి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగి, గుణం కనిపించకపోతే పాత కేబులే మళ్లీ పెట్టి, అప్పుడు స్విచ్‌లో దాన్ని దోపే పోర్టు మార్చేవారు. "రెండూ ఒకేసారి మార్చేయొచ్చుగా బాబాయ్" అంటే, "మార్చొచ్చమ్మా, బాగవుతుంది కూడా. ఏది చెడిందో మాత్రం తెలీదు" అనేవారు. రిసెప్షన్ అక్కయ్య తలూపుతున్నారు. కేబుల్‌ని నలిపేస్తున్నది ఆవిడ కుర్చీ కాలేనని తేలడానికి మూడు రోజులు పట్టింది మరి. (నవ్వులు)

ఆరేళ్ల కిందట, దరఖాస్తులకు చివరి రోజున, మూడంతస్తుల్లోనూ నెట్‌వర్క్ పడిపోయింది. బాబాయ్ నిర్లక్ష్యమే కారణమంటూ మధ్యాహ్నానికల్లా మెమో ఇచ్చింది పరిపాలనాధికారిగా నేనే. ఆ మెమో వల్లే ఆయనకు రావలసిన సూపర్‌వైజర్ ఉద్యోగం ఆగిపోయింది. సాయంత్రం లోపాన్ని ఆయనే పట్టుకున్నారు: ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉన్నాయి. వెళ్లిన సమాచారమే గానుగెద్దులా మళ్లీ మళ్లీ తిరిగి దారంతా మూసేసింది. రిజిస్టరులో మాత్రం "కేబుల్ తీశాను" అని రాసి ఊరుకున్నారు.

ఆ కొస పెట్టింది నేను. ఏదైనా చిందరవందరగా ఉంటే నాకు తోచదని మీకు తెలుసు. ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లాక స్విచ్‌ల గది సర్దుతూ, వేలాడుతున్న కేబుల్ ఊడిపోయిందేమో అనుకుని ఖాళీ పోర్టులో దోపాను. మర్నాడు సాయంత్రం సంగతి తెలిశాకైనా మెమో వెనక్కి తీసుకుని ఉండొచ్చు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. ఆయనకు తెలుసా, తెలియదా అన్న సందేహంతోనే ఆరేళ్లు గడిపాను.

పోయిన వారం అడిగేశాను.

"ఆ గది తాళాలు రెండేగా అమ్మా. ఒకటి నా దగ్గర, ఒకటి మీ దగ్గర."

"మరి చెప్పలేదేం బాబాయ్?"

"మీరే చెబుతారనుకున్నాను." ఆయన నవ్వలేదు.

మెమో తప్పని రాసి, ఈ ఉదయం డైరెక్టరుగారికి ఉత్తరం ఇచ్చాను. అది ఫైల్లో చేరుతుంది. ఆరేళ్లు తిరిగి రావు. క్షమించమని ఇంతమందిలో అడిగి ఆయన్ని ఇరకాటంలో పెట్టను.

ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ఏది చెడిందో ఇప్పుడు అందరికీ తెలిసింది, బాబాయ్. సెలవు.