గులాబివి ఆరు, పచ్చది ఒకటి

ఆలూరు దగ్గర ఒక పల్లె. పాత గాజు సామాను సేకరించే రాజు సారు కర్నూలు నుంచి వచ్చి, కృష్ణవేణమ్మ ఇంటి వసారాలో కూర్చున్నాడు.

“ఈ గ్లాసు కోసిన గాజు కాదమ్మా. కరిగిన గాజును అచ్చులో పోసి, పైనుంచి అదిమి చేసింది. వెలుతురుకు పట్టుకుంటా, చూడండి. పక్కన సన్నగీత కనపడతాందా?”

“నా కండ్లకు గీతా లేదు, గోడా లేదు సారూ. మీరే చెప్పల్ల.”

“అది అచ్చు అతుకు. లోపల చిన్న బుడగ కూడా ఉండాది. ఇప్పటి మిషన్ సరుకులో ఇట్లాంటి బుడగ దొరకదు.”

“అయితే పాతదే!”

“నికరమైన పాతది. గులాబి రంగులో ఆరుకు ఆరూ ఇట్ల చెక్కుచెదరకుండా నేను యాడా చూళ్లేదు.”

“నా పెండ్లికి మా నాయన బళ్లారి నుంచి తెచ్చినాడు. ఇయ్యను సారూ, ముందే చెప్తాండా. మా మనవడు శివశంకర్ మీకేం చెప్పినాడో ఏమో.”

“ఇయ్యొద్దు. ఒకటి పోయినా సెట్టు చెడిపోతాది.”

“ఒకటా! సొంత కోడలు అడిగితేనే ఇయ్యలేదు. నేను పోయినాంక కూడా ఆరూ ఒకచోటే ఉండల్లని చెప్పిపెట్టినా.”

“నేనొచ్చింది వీటికోసం కాదమ్మా. శివశంకర్ ఫోన్లో పంపిన ఫొటోలో, వెనకాల ఒక ఆకుపచ్చ గ్లాసు కనపడింది.”

“ఏ గ్లాసు?”

“కొట్టం గోడ గూట్లో బోర్లించినది.”

“అదా... అది దేనికి సారూ? అంచు పగిలింది.”

“పగల్నీండి. దానికోసమే వచ్చినా.”

“ముందు నీళ్లు తాగండి, ఎండన పడొచ్చినారు. ఇదో, ఈ గులాబి దాంట్లోనే పోస్తా. పెద్దోళ్లొస్తే గాని దీన్ని తీయను.”

“స్టీలుది చాలమ్మా...”

“తాగండి సారూ. కాలేజీలో పాఠం చెప్పేటోళ్లు మీరు!”

“చల్లగుండాయి. ఆ పచ్చది—”

“అదో, గూట్లోనే ఉండాది. మీరే తీసుకోండి. నేను దాన్ని ముట్ట... నాకు నడుం వంగదు.”

“అడుగు చూడండమ్మా, పాల మాదిరి తెల్లగా అరిగింది. మీ ఆరింటి అడుగులు అద్దం మాదిరుండాయి.”

“బీరువాలోవి యాడ అరుగుతాయి?”

“దీన్ని ఎవరో రోజూ ఇసకతో తోమినారు. తోమి బండమీద బోర్లించినారు. ఎవరమ్మా?”

“ఎవరో... బయటోళ్లు. సేద్యానికి వచ్చేటోళ్లు. కాలం అట్లుండె. ఇంట్లోవాటితో కలిసిపోకూడదని వేరే రంగుది పెట్టింటిమి, అంతే. ఇప్పుడెవరు తాగుతాండారు దాంట్లో!”

“మరి పారేయలేదే?”

“చెయ్యి రాలేదు సారూ. సుంకులమ్మ అని ఒకామె ఉండె. శెనక్కాయలు పెరికేదానికి వచ్చేది. టీ తాగడం, కడగడం, బోర్లించడం, ‘పోయొస్తామ్మా’ అనడం. ఒక మాట పడలేదు ఏనాడూ.”

“ఇప్పుడు యాడుండాది?”

“కొడుకు కర్నూలుకు పిలుచుకపోయినాడంట. బాగా సదువుకున్నాడంట... అయ్యయ్యో, సారూ! ఆ తొట్టికాడ మీరేంది తాగిన గ్లాసు కడుగుతాండారు? ఆడ పెట్టండి, పనామె వస్తాది.”

“అయిపోయిందమ్మా.”

“బోర్లించినారు కూడా.”

“అలవాటు. మాయమ్మ నేర్పింది.”

“రాజు అనే గదా చెప్పినాడు మావోడు. పూర్తి పేరేందప్పా?”

“దావీదురాజు. సుంకులమ్మ కొడుకును.”

“బాగుండాదా ఆమె?”

“పోయిన నెల చనిపోయింది. ఆస్పత్రిలో కూడా తాగిన గ్లాసు తానే కడగల్లని మంచం దిగబోయేది. పట్టుకోలేకపోయినామమ్మా. ఈ పచ్చది ఒక్కటి ఇప్పించండి. ఇంకేమీ వద్దు.”

“అయ్యో, సుంకులమ్మా... శానా మంచిది నాయనా మీయమ్మ. తీస్కపో. అది నీదే. దుడ్లూ గిడ్లూ వద్దు.”

“మేలు చేసినారమ్మా. పోయొస్తా.”

“ఉండప్పా. ఆ గులాబిది కూడా తీస్కపో.”

“వద్దమ్మా! మీ నాయన తెచ్చినవి. ఆరూ ఒకచోటే ఉండల్లంటిరే!”

“అంటి. తప్పు పట్టుకోవద్దు నాయనా... నువ్వు తాగింటివి గదా, మళ్ల లోపల ఎట్ల పెట్టేది?”